షెడ్డులో ఆగిపోయిన ఫియట్‌కు ధర ఎంత?

మా బావకు బ్యాంకులో బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన సాయంత్రం ఇంట్లో అందరూ పిల్లల స్కూలు గురించి, విశాఖలో అద్దె ఇంటి గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన మాత్రం పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్లి టార్పాలిన్ పట్టా ఎత్తి నిలబడ్డాడు. పట్టా కింద 1983 నాటి ప్రీమియర్ పద్మిని. మన వైపు దాన్ని పద్మిని అన్నవాళ్లు తక్కువ, అందరికీ ఫియట్ కారే. మా మేనమామ ముచ్చటపడి కొన్న బండి. ఆయన పోయాక దాన్ని మళ్లీ కొత్తదానిలా చేయించాలని బావ ఆరేళ్ల కిందట మొదలుపెట్టాడు. ఇంజన్ దింపారు, బాడీ గీకారు, అడుగు రేకులు కొన్ని మార్చారు, బూడిదరంగు ప్రైమర్ కొట్టారు. అక్కడితో ఆగింది.

"అమ్మేద్దాంరా. రెండు లక్షల అరవై వేలు పోశాను దీనిమీద. రెండు లక్షలకు ఇచ్చేస్తాను, అరవై వేలు పోయినా సరే" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా మోటారు బీమా సర్వేయర్‌గా దెబ్బతిన్న బండ్లకు లెక్కలు కట్టిన నాకు ఆ మాట కొత్త కాదు. జీతం డబ్బుతో, ఆదివారాల్లో, సెలవుల్లో పాత కారు పని మొదలుపెట్టి మధ్యలో ఆపాల్సి వచ్చిన ప్రతి ఉద్యోగీ లెక్కను ఇక్కడి నుంచే మొదలుపెడతాడు. పెట్టిన ఖర్చు రాసి, దాంట్లోంచి కొంత తగ్గించి ధర చెబుతాడు. నెలలు గడుస్తాయి. చూడడానికి వచ్చినవాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. కొనేవాడి లెక్క అటు చివర నుంచి మొదలవుతుంది మరి. ఈ బండి పూర్తయితే ఎంత చేస్తుంది, పూర్తి చేయడానికి ఇంకా ఎంత అవుతుంది, ఆ రెండింటి మధ్య తేడా ఎంత? ఆయనకు కావాల్సింది అంతే. మీరు పెట్టిన రెండు లక్షల అరవై వేలు ఆ లెక్కలో ఎక్కడా కనబడవు. అవి బండికి చేసిన మేలు ఏమైనా ఉంటే అది "ఇంకా ఎంత అవుతుంది" అన్న అంకె తగ్గడంలోనే కనబడాలి.

అందుకే బావతో ముందు చేయించిన పని, బిల్లుల ఫైలు మూసి తెల్ల కాగితం తీయడం.

పూర్తయిన బండి ధర దగ్గర మొదలుపెట్టాం. ఇక్కడ చాలామంది ప్రకటనల్లో కనబడే అంకె పట్టుకుంటారు. అది అడిగే ధర. ఒకే కారు ప్రకటన మూడు నెలలుగా అక్కడే ఉందంటే ఆ ధరకు ఎవరూ కొనలేదని అర్థం. 2023 అక్టోబరు 30న ముంబయి రోడ్ల నుంచి చివరి పద్మిని ట్యాక్సీలు సెలవు తీసుకున్నప్పుడు పత్రికలన్నీ రాశాయి, చాలామందికి తమ ఇంట్లోని ఫియట్ మీద ఒక్కసారిగా మమకారం పెరిగింది, ధరల ఆశలూ పెరిగాయి. మమకారంతో చదివినవాళ్లు వేరు, డబ్బు తీసేవాళ్లు వేరు. నిజంగా చేతులు మారిన ధర తెలియాలంటే ఆ బండ్లు చేసే మెకానిక్కును, ఈమధ్య అమ్మినవాళ్లను, కొన్నవాళ్లను అడగాలి. ముగ్గురిని అడిగి మేం మంచి కండిషన్లో, కాగితాలు సక్రమంగా ఉండి నడిచే ఫియట్‌కు మూడున్నర లక్షలు అనుకున్నాం. మీ ఊళ్లో, మీ మోడల్‌కు ఇది వేరుగా ఉంటుంది. అంకె ముఖ్యం కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం.

తర్వాత మిగిలిన పని రాశాం. మిగిలిన టింకరింగ్, పుట్టీ, పెయింటు కలిపి 95,000. ఇంజన్ మళ్లీ విప్పి చూసి ఎక్కించడానికి 45,000. సీట్లు, లోపలి టాపు 35,000. వైరింగ్ 18,000. కనబడకుండా పోయిన క్రోమ్ సామాను, రబ్బరు బీడింగులు, ఒక అద్దం 32,000. టైర్లు, బ్యాటరీ, బ్రేకుల పని 30,000. కాగితాల ఖర్చు 20,000. మొత్తం 2,75,000. పాత బండి పనిలో అనుకున్న ఖర్చు అనుకున్నట్టు ఆగదు కాబట్టి నాలుగో వంతు అదనంగా వేశాం, 68,750. కలిపితే 3,43,750.

మూడున్నర లక్షల్లోంచి అది తీసేస్తే మిగిలింది 6,250 రూపాయలు.

బావ కాగితం వైపు చాలాసేపు చూశాడు. లెక్క తప్పేమోనని మళ్లీ కూడాడు. తప్పు లేదు. బయట షెడ్డులో కూలికి చేయించుకునేవాడికి ఆ బండి విలువ నిజంగా అంతే. పాత ఇనుము కొట్టుకు తోలినా అంతకంటే ఎక్కువే వస్తుంది. పద్మిని నిండు బరువు 900 కిలోలకు కాస్త తక్కువ. కిలో ముప్పై రూపాయలనుకుంటే పాతిక వేల పైమాటే. అది నేల. దానికింద ధర పోదు.

అయితే ఇలాంటి బండ్లు నేల ధరకంటే చాలా ఎక్కువకే అమ్ముడుపోతుంటాయి. దానికి కారణం ఒక్కటే, మిగిలిన పని అందరికీ ఒకే ఖర్చు కాదు. సొంతంగా టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉన్నవాడికి మీ 95,000 పని 45,000లో అయిపోతుంది. మెషీన్ షాపు తెలిసినవాడికి ఇంజన్ పని 35,000. వైరింగ్ సొంతంగా చేసుకునేవాడికి 8,000. పాత సామాను దొరికే చోట్లు తెలిసినవాడికి ఆ 32,000 సామాను 20,000కు దొరుకుతుంది. సీట్లు, టైర్లు, కాగితాలు మాత్రం అవే ధరలు. అలా అతనికి మొత్తం 1,93,000. పదో వంతు అదనం వేసుకున్నా 2,12,000 చిల్లర. అంటే అతని చేతిలో 1,37,000 పైన తేడా ఉంది. కొన్ని నెలల తన పనికి, తన డబ్బు ఇరుక్కున్నందుకు యాభై వేలు పక్కన పెట్టుకున్నా ఎనభై ఐదు వేలు ఇవ్వగలడు.

అందుకే "ఈ బండి విలువ ఎంత?" అని అడగడం కంటే "మిగిలిన పని ఎవరికి చవక?" అని వెతకడం మేలు. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల పని తెలిసిన షెడ్డు యజమాని, సొంతంగా స్పానర్ పట్టే పాత కార్ల అభిమాని, ఇంట్లో ఇప్పటికే ఇలాంటి బండి ఒకటి ఉండి సామాను కోసం చూస్తున్నవాడు. మీ కొనుగోలుదారు వీళ్లలో ఉంటాడు. కొత్తగా మోజుపడి వచ్చిన ఉద్యోగి అంతకంటే ఎక్కువ ఇస్తానన్నా జాగ్రత్త. ఆరు నెలల తర్వాత ఆయన కూడా ఇదే లెక్క వేసుకుని మీకు ఫోన్ చేస్తాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. తెలియని ప్రతిదానికీ కొనేవాడు అతి చెడ్డ ధర వేసుకుంటాడు. ఇంజన్ తిరుగుతుందో లేదో మీరు చెప్పలేకపోతే ఆయన లెక్కలో అది పట్టేసిన ఇంజన్. గోనెసంచిలో ఏముందో మీరు చెప్పలేకపోతే ఆయన లెక్కలో సగం సామాను లేదు. అమ్మేముందు డబ్బు పెట్టాల్సి వస్తే బండిని పూర్తి చేయడానికి పెట్టకండి, అనుమానాలు తీర్చడానికి పెట్టండి.

మొదటగా చూడడానికి వచ్చిన పెద్దమనిషి చేసిన పని నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆయన ప్రైమర్ మెరుపు వైపు చూడనే లేదు. డ్రైవరు డోరు తీసి, గుమ్మం కింద రేకు మీద జేబులోని స్క్రూడ్రైవర్ పెట్టి బొటనవేలితో నొక్కాడు. టక్కున లోపలికి దిగింది. ఎర్రటి పొడి రాలింది. ఏమీ అనలేదు, స్క్రూడ్రైవర్ తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. బావ ముఖం వాడిపోయింది. ఆయనకు ఆ తుప్పు సంగతి నిజంగా తెలియదు.

ఫియట్‌కు, అంబాసిడర్‌కు విడి ఛాసిస్ ఉండదు. బాడీయే బండి బరువు మోస్తుంది. గుమ్మం కింది రేకు, జాకీ పెట్టే చోటు, ఇంజన్ గదికీ లోపలికీ మధ్య గోడ తుప్పు పడితే అది పెయింటు సమస్య కాదు, వెన్నెముక సమస్య. విడి ఛాసిస్ మీద కూర్చున్న జీపుల్లో, 1961 నుంచి 1971 వరకు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుల్లో లెక్క వేరు. అక్కడ బాడీ బోల్టులు విప్పి దింపుకోవచ్చు, కాకపోతే హెరాల్డుకు సామాను వెతకడం గగనం. మామూలు ప్రైమర్ నీటిని ఆపదని, పీల్చుకుంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. ప్రైమర్‌తో ఆరు వర్షాకాలాలు చూసిన రేకు పైకి నున్నగా ఉన్నా కింద తుప్పు పాకి ఉంటుంది. ఎపాక్సీ ప్రైమర్ అయితే కాస్త నయం. ఏది కొట్టించారో బిల్లు ఉంటే చూపండి.

"ఇంకో డెబ్భై వేలు పెట్టి రంగు వేయించేస్తే ధర పెరుగుతుంది కదా?" అని బావ అడిగాడు. పెరగదు. సగం పనిలో ఉన్న బండి మీద కొత్త రంగు కనబడితే కింద ఏం దాచారోనన్న అనుమానమే పెరుగుతుంది. పైగా రంగు తర్వాత ఇంజన్ ఎక్కించేటప్పుడు, డోర్లు సర్దేటప్పుడు గీతలు పడతాయి. ఆ రంగు మళ్లీ వేయాల్సిందే.

దానికి బదులు బదిలీకి ముందు దొరికిన రెండు వారాల్లో మేం చేసినవి ఇవి. నాలుగు పాత టైర్లు వేసి బండిని నేలమీద నిలబెట్టాం. స్టీరింగ్ తిరిగి, చక్రాల మీద దొర్లే బండిని ఒక మనిషి తోసి లారీ ఎక్కించవచ్చు, అదే ఇటుకల మీద ఉన్న బండికి క్రేన్ కావాలి. ఆ తేడా ధరలో కనబడుతుంది. డోర్లు, బానెట్, డిక్కీ మూత వాటి చోట్ల బిగించాం. విడిగా గోడకు ఆనించిన డోరు సరిగ్గా కూర్చుంటుందో లేదో ఎవరికీ తెలియదు, బిగించిన డోరు చుట్టూ సందు సమానంగా ఉంటే బాడీ వంకర తిరగలేదని చూపుకే తెలుస్తుంది. స్టాండు మీదున్న ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెం నూనె పోసి రెండు రోజులు వదిలాం. తర్వాత ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి తిప్పితే మెల్లగా తిరిగింది. ఆ తిరగడాన్ని ఫోనులో వీడియో తీశాం. 1,089 సీసీ ఇంజన్ బోరు చేయించిన బిల్లు ఉంది, కానీ ఆరేళ్లుగా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. అందుకని "కొత్తగా చేయించిన ఇంజన్" అని రాయలేదు. "బోరు చేయించి, స్టార్ట్ చేయని ఇంజన్, చేత్తో తిరుగుతుంది" అని రాశాం. ఆ వాక్యం చదివి వచ్చినవాళ్లు బేరంలో ఇంజన్ మాట ఎత్తలేదు.

ఎక్కువ సమయం పట్టింది గోనెసంచులకు. కిటికీ అద్దాలు దింపే హ్యాండిళ్లు, తాళాల లివర్లు, రెండు హెడ్‌లైట్లకు ఒకే రింగు, పాలిథిన్ కవర్లలో కలగలిసిన నట్లు, బోల్టులు. ఒక్కొక్కటీ నేలమీద పరిచి, ఏది ఎక్కడిదో రాసి, అట్టపెట్టెల్లో సర్ది, లేనివాటి జాబితా వేరే కాగితం మీద రాశాం. లేనివాటి జాబితా ఇస్తే ధర తగ్గుతుందని భయపడకండి. జాబితా ఇవ్వకపోతే అంతకంటే తగ్గుతుంది. ఫియట్ తయారీ ఆగి పాతికేళ్లయింది. పిస్టన్లు, బ్రేకు సామాను ఇప్పటికీ దొరుకుతాయి. ఫలానా ఏడాది మోడల్‌కు మాత్రమే సరిపోయే గ్రిల్లు, బంపరు, క్రోమ్ పట్టీల కోసం చెన్నై పుదుపేట దాకా, కలకత్తా మల్లిక్‌బజార్ దాకా వెతుక్కోవాలి. 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు ఈ బాధ తక్కువ, పాత మార్క్ 2 సామానుకు మాత్రం అదే తిప్పలు. మామయ్య గుర్తుగా వెనక ఉన్న పేరు బిళ్ల పీకి ఉంచుకుంటానన్నాడు బావ. వద్దన్నాను. ఆ బిళ్ల లేకపోతే కొనేవాడు రెండు నెలలు దానికోసం తిరగాలి. బావ తాళంచెవి గుత్తిలోని తోలు బిళ్ల ఉంచుకున్నాడు.

సామాను విడివిడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువ వస్తుందా? రావచ్చు. గేర్‌బాక్స్, డోర్లు, అద్దాలు, ఇంజన్ ఒక్కొక్కటిగా పోతే ఎనభై ఐదు వేలు దాటవచ్చు. అందుకు ఏడాది పట్టవచ్చు, చివర్లో ఎవరికీ అక్కర్లేని డొల్ల మీ పెరట్లో మిగులుతుంది. ఉద్యోగం చేసుకునేవాడికి ఆ ఓపిక, ఆ తీరిక ఉంటాయా అన్నది మీరే తేల్చుకోవాలి. అలా విప్పేస్తే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. "బండి అక్కర్లేదు, కాగితాలు, ఛాసిస్ నంబరు బిళ్ల ఇవ్వండి చాలు" అని వచ్చేవాడికి మాత్రం ఎంతిచ్చినా ఇవ్వకండి. దొంగిలించిన బండికి మీ నంబరు తగిలించడానికే ఆ బేరం.

ఇక కాగితాలు. సగం బేరాలు ఇక్కడే చెడతాయి. మా బావ బండి ఆర్‌సీ అప్పటికింకా మామయ్య పేరు మీదే ఉంది. చనిపోయినవారి పేరు మీదున్న బండిని నేరుగా కొన్నవాడి పేరుకు మార్చలేరు. ముందు ఫారం 31 పెట్టి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తోబుట్టువుల అంగీకారం జతచేసి వారసుడి పేరుకు మార్చుకోవాలి. ఆ తర్వాతే ఫారం 29, 30తో అమ్మకం. దీనికి బావ మూడుసార్లు సెలవు పెట్టాల్సి వచ్చింది. బేరానికి వచ్చిన ఇద్దరు ఈ సంగతి తెలియగానే వెనక్కి తగ్గారు. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉంటే అమ్మే ఆలోచన లేకపోయినా ఆ పేరు ఇప్పుడే మార్పించండి.

పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. గ్రీన్ ట్యాక్స్ అదనం. బండి నడవకుండా ఫిట్‌నెస్ రాదు కాబట్టి ఈ ఖర్చు కొన్నవాడి మీదే పడుతుంది, ఆయన దాన్ని మీ ధరలోంచి తీసేస్తాడు. తీసేయడం న్యాయమే. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదివాటితో కలుస్తున్నాయో మీరే ముందు సబ్బు నీళ్లతో కడిగి చూసుకోండి. ఒకప్పుడు డీజిల్ చవకని పెట్రోల్ అంబాసిడర్లకు, ఫియట్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించిన షెడ్లు మన దగ్గర చాలా ఉండేవి. ఆ మార్పు ఆర్‌సీలో నమోదు కాకపోతే పేరు మార్పిడి ఆగిపోతుంది.

"వింటేజ్" అన్న మాట గురించి కూడా చెప్పాలి. పాతదైతే చాలు వింటేజ్ అని ప్రకటనలో రాసి ధర పెంచుతారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్నదే వింటేజ్ వాహనం. వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. 1983 బండికి ఆ అర్హత 2033లో గాని రాదు. తెలిసిన కొనుగోలుదారు ఆ మాట చూడగానే మిగతా మాటలనూ నమ్మడం మానేస్తాడు.

మేం లక్షా పదివేలు అడిగాం. ఇంతకు తగ్గితే ఇవ్వకూడదని ఎనభై వేలు మనసులో రాసిపెట్టుకున్నాం. బదిలీ తేదీ ఎవరికీ చెప్పలేదు, గడువు తెలిస్తే కొనేవాడు ఆ రోజు దాకా ఆగుతాడు. గుమ్మం కింది తుప్పును మేమే ముందు చూపించాం. ఐదోవాడు టింకరింగ్ షెడ్డు ఉన్న కుర్రాడు. పెట్టెలన్నీ తెరిచి చూశాడు, లేనివాటి జాబితా జేబులో పెట్టుకున్నాడు. "కాగితాలు మీ పేరుకు మారాక మిగతా డబ్బు, ఇప్పుడు పదివేలు బయానా సార్" అన్నాడు. ఎనభై ఐదు వేలకు తెగింది.

బావ మనసు కొంచెం చివుక్కుమంది. పెట్టినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. కానీ మిగతా డబ్బు పోయింది ఆ రోజు కాదు, ఆరేళ్లలో కొంచెం కొంచెంగా ఎప్పుడో పోయింది. షెడ్డులో ఇంకో రెండేళ్లు ఉంటే గుమ్మం కింద మొదలైన తుప్పు స్తంభాల దాకా పాకి ఈ ఎనభై ఐదు కూడా వచ్చేది కాదు.

డబ్బు చేతికొచ్చాక పని అయిపోయిందనుకోకండి. బండి నడవదు కదా, పేరు మార్పిడి మెల్లగా చేయించుకుంటాడులే అని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి వదిలేయకండి. ఏడాదికో రెండేళ్లకో ఆ బండి రోడ్డెక్కుతుంది. ఆర్టీవో రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మిన 14 రోజుల్లోపు రవాణా శాఖకు మీరే సమాచారం ఇవ్వండి. కొన్నాయన ఆధార్ నకలు, తేదీ, సమయం రాసిన అమ్మకం రసీదు మీ దగ్గర ఉంచుకోండి. ఆన్‌లైన్లో ఆ నంబరు కొట్టి చూసి, కొత్త పేరు కనబడేదాకా ఆ ఫైలు పారేయకండి.